దువాకీ దగాకీ మధ్య ఒక్క నుక్తా

ఉర్దూ చదివినవాళ్లకి ఎరుకే: 'దువా'లో ఐన్ మీద ఒక్క నుక్తా పడితే అది గైన్ అవుతుంది, దువా కాస్తా దగా అయిపోతుంది. నా నౌక్రీలో సగం అలాంటి నుక్తాలు వెతకడమే. సాఫ్ట్‌వేర్ ఎలా ఇన్‌స్టాల్ చేయాలి, ఏ కమాండ్ ఎప్పుడు కొట్టాలి అని టీమ్ రాసుకునే డాక్యుమెంట్లు చదివి, మాటలూ వరసా సరిచూస్తాను. "కోడ్ నడిస్తే చాలు కదా భాయ్, కామాల కోసం ఇంత పరేషానీ ఎందుకు?" అని దోస్తులు నవ్వుతారు.

ఎందుకంటే, కమాండ్‌లో పక్కపక్కన ఉండాల్సిన రెండు హైఫన్లని కొన్ని వర్డ్ ప్రాసెసర్లు కలిపేసి ఒకే పొడుగు గీత చేస్తాయి. కంటికి ఫరక్ తెలియదు. కాపీ చేసి పేస్ట్ చేస్తే కమాండ్ నడవదు. యామల్ ఫైల్లో లైను జరపాలంటే స్పేస్‌లే వాడాలి, ట్యాబ్ పడితే ఎర్రర్ వస్తుంది.

మాటల సంగతి ఇంకా నాజూకు. 'చేయాలి', 'చేస్తే మంచిది', 'చేయొచ్చు' మూడూ ఒకటి కావు. ఇంటర్నెట్ ప్రమాణాలు రాసేవాళ్లు ఈ ఫరక్ కోసమే 1997లో ఆర్‌ఎఫ్‌సీ 2119 అనే పత్రం రాసుకున్నారు. మస్ట్ అంటే తప్పనిసరి. షుడ్ అంటే గట్టి కారణం ఉంటేనే వదలాలి. మే అంటే మీ మర్జీ. పెద్దక్షరాల్లో రాస్తేనే వాటికి ఆ ఖాస్ మతలబ్ అని 2017లో ఆర్‌ఎఫ్‌సీ 8174 సాఫ్‌గా చెప్పింది. 'అప్‌గ్రేడ్‌కి ముందు బ్యాకప్ తీసుకుంటే మంచిది' అని కనబడితే, 'తీసుకోవాలి' అని మార్చమంటాను. తీసుకోనివాడి డేటా పోతే మళ్లీ రాదు.

అన్నిటికంటే గట్టిగా కొట్టేయమనేది 'జస్ట్' అనే లఫ్జ్‌ని. 'జస్ట్ ఈ కమాండ్ కొట్టండి' అని రాస్తారు. అది నడవకపోతే, ఖాందాన్‌లో మొదటిసారి ఈ లైన్లోకి వచ్చిన అమ్మాయి డాక్యుమెంట్ తప్పు అనుకోదు. ఇంత ఆసాన్ పని కూడా నాకు రావట్లేదే అనుకుంటుంది. పక్కసీటు వాళ్లని అడగడానికి షరమ్. మా టీమ్‌లో చేరిన ఒక పిల్ల రెండు రోజులు అలాగే గప్‌చుప్‌గా కుమిలిపోయింది. తీరా చూస్తే ఆ పేజీలో ఒక స్టెప్పే రాయలేదు.

మీ ఇంట్లో పిల్లలు కొత్తగా ఈ పనిలో చేరితే ఒక మాట చెప్పండి. రాసింది రాసినట్టు చేసినా పని కాకపోతే, ముందు ఆ పేజీని అనుమానించమనండి. తప్పు దొరికితే దిద్ది పంపమనండి. పాతవాళ్లు తెలిసిన దారే కదా అని చూడకుండా దాటేస్తారు. ఆ గుంతలు కొత్త కళ్లకే కనబడతాయి.