నడిమి స్తంభము

నెల్లూరునకు ఈశాన్యదిశను, పెన్నానదికి ఉత్తరమున విడవలూరు గ్రామము కలదు. ఊరి చుట్టును వరిమళ్లు. తూర్పునకు పోయినకొలది రొయ్యల చెరువులు, వానిని దాటిన పిదప ఇసుకదిబ్బలు, సముద్రము. వేసవి సాయంకాలములందు తూర్పుగాలి వీచినపుడు జనులు అరుగులమీదికి వచ్చి హాయిగా కూర్చుందురు. మనుష్యులకు హాయి గొలుపు ఆ గాలియే ఇనుమునకు శత్రువు. అందులోని ఉప్పు తేమను పట్టి యుంచును. ఉప్పుతేమ అంటిన ఇనుము శీఘ్రముగా త్రుప్పు పట్టును. అందుచేత ఆ ప్రాంతమున కిటికీ ఊచలకును, నాగటి కర్రులకును, మోటారు బండ్లకును ఆయుర్దాయము తక్కువ.

ఆ యూరిలో ఒక రైతు ఇంట, పశువుల కొట్టము ప్రక్కనున్న రేకుల షెడ్డులో, మీగడరంగు అంబాసిడరు కారు ఒకటి యుండెను. ఇంటి పెద్ద దానిని 1969లో కొనెను. అంబాసిడరు ఇంగ్లండు దేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డు కారు నమూనాను అనుసరించి కలకత్తా చెంతనున్న ఉత్తర్‌పారా కర్మాగారమున తయారైన కారు. 1950ల చివర మొదలైన ఆ తయారీ 2014 మే నెలలో ఆగిపోయెను. గుండ్రని వీపు, ఎత్తైన పైకప్పు, నాలుగు తలుపులు దాని గుర్తులు. పంచెకట్టు చెదరకుండ, తలపాగా తగులకుండ ఎక్కి దిగుటకు వీలైన బండి యని రైతులు దానిని మెచ్చుకొనెడివారు.

పెద్దాయన గతించిన పిదప కారు షెడ్డునకే పరిమితమయ్యెను. 2020లో కరోనా వ్యాధి వలన కార్యాలయములు మూతపడగా, బెంగుళూరులో ఉద్యోగము చేయుచున్న మనుమడు స్వగ్రామము చేరెను. పగలు గదిలో కూర్చుండి కంప్యూటరుపై పనిచేయుట, సాయంకాలము షెడ్డులోనికి పోయి తాతగారి కారును తుడుచుట అతనికి నిత్యకృత్యమయ్యెను. తుడువగా తుడువగా అతని మనస్సున ఒక కోరిక అంకురించెను. ఆ కారును రెండు తలుపుల కారుగా మార్చవలెను!

ఆ కోరికకు కారణము లేకపోలేదు. చిన్నతనమున అతడు హైదరాబాదులోని బహదూర్‌పురాలో 2010లో వెలసిన సుధా కార్ల మ్యూజియమును చూచి యుండెను. అచట కె. సుధాకర్ అను ఆయన బూటు ఆకారమునను, పుస్తకము ఆకారమునను, క్రికెట్ బంతి ఆకారమునను స్వయముగా చేసిన కార్లు నిజముగా నడచునవే. 2005లో ఆయన నలువది అడుగులకు మించిన ఎత్తుగల మూడు చక్రముల సైకిలును చేసి ప్రపంచ రికార్డు గడించెను. ఇనుమును మనుష్యుడు తన ఊహకు లొంగదీయగలడన్న భావము నాడే బాలుని హృదయమున నాటుకొనెను. దానికి తోడు రెండు తలుపుల కార్ల సొంపు అతనిని ఆకర్షించెను. అట్టి కార్లను ‘కూపే’ లందురు. ఇది ఫ్రెంచి మాట. ‘కోయబడినది’ అని దీని యర్థము. పూర్వము ఐరోపాలో ఎదురెదురుగా కూర్చుండు పెద్ద గుఱ్ఱపుబండిలో ముందరి భాగమును కోసివేసి ఇద్దరు కూర్చుండుటకు చిన్నబండిగా చేసినపుడు దానికా పేరు వచ్చెను. మన రైళ్లలో ఇద్దరి కొరకు ఏర్పరచిన చిన్నగదికి కూపే యను పేరు వచ్చుటయు అందువలననే.

మనుమడు తన కోరికను ముందుగా అవ్వకు చెప్పెను. ఆమె కొంతసేపు ఊరకుండి, “నీ తాత వస్తువు నీది కాక ఇంకెవరిది నాయనా? నీ కెట్లు తోచిన నట్లు చేయుము” అనెను. అతడు సంతోషించి, కోవూరునుండి ఒక టింకరింగు మేస్త్రిని పిలిపించెను. మేస్త్రికి అరువది యేండ్లు దాటినవి. బాల్యమున మద్రాసులో పని నేర్చి, నలువది యేండ్లకు పైగా వంగిన రేకులను సరిచేయుచు జీవించినవాడు.

మేస్త్రి కారు చుట్టును రెండుమారులు తిరిగి, తలుపులు తీసి మూసి చూచి, చొక్కా జేబునుండి సుద్దముక్కను తీసెను. ముందు తలుపునకును వెనుక తలుపునకును నడుమ నిలువుగా నున్న ఉక్కు స్తంభముపై ఒక గీత గీచెను.

“అబ్బాయీ, పని చేయవచ్చును. కాని ఏమేమి చేయవలెనో వినుము. ఈ స్తంభమును ఇచట కోసి, జానెడు దూరము వెనుకకు జరిపి నాటవలెను. ముందు తలుపులను అంతమేర పొడిగింపవలెను. వెనుక తలుపులలో మిగిలిన భాగమును శాశ్వతముగా అతికి గోడగా చేయవలెను. పొడుగు తలుపు బరువెక్కువ. పాతబందులు దానిని మోయలేక తలుపు క్రిందికి వాలును. కనుక బందులు మార్చవలెను. అద్దములు కొత్తవి చేయింపవలెను. గట్టిపరచిన అద్దమును తరువాత కోయరాదు, కోసినచో పొడిపొడి యగును. ఇక ముందరి ఆసనము ఈ చివరనుండి ఆ చివరకు ఒకటే బల్ల. దానిని రెండుగా చీల్చి, ముందునకు వంగునట్లు చేయనిదే వెనుకకు ఎవరును పోజాలరు.”

“అన్నియు చేయుదము, మేస్త్రిగారూ.”

“చేయుదము. కాని ఈ స్తంభము దేనిని మోయుచున్నదో ముందుగా చూడవలదా?”

ఇట్లని మేస్త్రి జాకీని తెప్పించి, కారు ముందుభాగమున ఒక మూలను మెల్లగా పైకి లేపెను. తరువాత వెనుక తలుపును మూయుమని యువకునితో చెప్పెను. అంతవరకు సులభముగా పడుచుండిన తలుపు ఇపుడు పైయంచున ఒరసికొని పట్టివేసెను. యువకుడు ఆశ్చర్యపడెను. మేస్త్రి వంగి తలుపుల క్రింద పొడవునా పోవు గడపను స్క్రూడ్రైవరుతో పొడిచెను. రంగు పెచ్చు ఊడి, ఎఱ్ఱని త్రుప్పుపొడి రాలెను. ఉప్పుగాలి లోలోపలనుండి గడపను తినివేసినది.

మేస్త్రి విషయమును విశదపరచెను. కొన్ని పాతకార్లకు లారీకి వలె క్రింద వేఱుగా ఉక్కు చట్రముండును, పైపెట్టెను దానిపై బిగింతురు. అంబాసిడరు అట్టిది కాదు. నేల, గడపలు, స్తంభములు, పైకప్పు కలిసి ఒకే పెట్టెయై బరువును మోయుచుండును. తలుపుల కొరకు ప్రక్కను తెరచిన పెద్ద ఖాళీని ఆ నడిమి స్తంభమే రెండుగా విభజించి, పైకప్పును గడపతో కట్టి యుంచుచున్నది. మండువా ఇంటిలో దూలము క్రింది స్తంభము వంటిదది. గడప పుచ్చి యుండగా స్తంభమును కోసినచో కారు నడుమ కుంగును. కోయుటకు ముందు గడపలను బాగుచేసి, తలుపుల ఖాళీలలో ఇనుప గొట్టములను అడ్డముగా అతికి, పెట్టె వంగకుండ కట్టుదిట్టము చేయవలెను.

ఆపైన చట్టపు చిక్కు ఒకటి కలదు. మోటారు వాహనముల చట్టము, 1988లోని 52వ విభాగము ప్రకారము, తయారు చేసినవారు నిర్దేశించిన మూలలక్షణములు మారిపోవునట్లు యజమాని వాహనమును మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీముకోర్టు ఈ నియమమును దృఢముగా సమర్థించుచు తీర్పు చెప్పెను. సొంతకారు రిజిస్ట్రేషను పదునైదేండ్లకు ముగియును. అటుపిమ్మట అయిదేండ్ల కొకమారు కారును అధికారికి చూపి పునరుద్ధరించుకొనవలెను. స్తంభము తొలగించిన కారును చూపి ఆ కాగితమును పొందుట ఎట్లు? దారిని పోవు ఇతరుల ప్రాణములు కూడ ఒక బండి గట్టితనముపై ఆధారపడి యుండును గనుకనే చట్టమట్టి కట్టడి చేసినది.

యువకుడు నిరుత్సాహపడెను. అది చూచి మేస్త్రి నవ్వి, తాను మద్రాసులో చూచిన ఒక కారు సంగతి చెప్పెను. ఆ నగరపు శివారున స్టాండర్డు మోటారు కంపెనీవారు 1961నుండి హెరాల్డు అను కారును చేసిరి. ఇటలీ దేశీయుడైన మిచెలొట్టి దాని రూపకర్త. చూచుటకు ముచ్చటైనది, రెండే తలుపులు గలది. కాని దాని పోటీకార్లగు అంబాసిడరు, ఫియట్లు నాలుగు తలుపులవి. వృద్ధులు, పిల్లలు, చీర కట్టిన స్త్రీలు వెనుక కూర్చుండు దేశమున రెండు తలుపులు చాలవయ్యెను. అందుచేత కంపెనీవారు 1968లో హెరాల్డునకు నాలుగు తలుపులు పెట్టిరి. పుట్టినిల్లైన ఇంగ్లండులో హెరాల్డునకు లేని నాలుగు తలుపుల రూపము దానికి మద్రాసులో కలిగెను.

“వారు రెంటిని నాలుగు చేసిరి. నీవు నాలుగింటిని రెండు చేయుదునను చున్నావు. తప్పని నేననను. ఒంటరిగా తిరుగువానికి రెండు తలుపులే అందము. కాని కోసిన ఇనుము మరల మొలవదు. ఒక పని చేయుము. పది దినములపాటు వెనుక తలుపులను తాడుతో కట్టివేసి కారును నడుపుము. అప్పటికిని కోయవలె ననిపించినచో కబురు పంపుము” అని చెప్పి మేస్త్రి వెడలిపోయెను.

యువకుడు ఆ మాట ప్రకారము వెనుక తలుపులను గట్టిగా కట్టివేసెను. మొదటి నాలుగు దినములు ఏ లోపమును కనబడలేదు. అతడొక్కడే పొలము గట్లవరకు పోయి వచ్చెను. అయిదవ నాడు సోమవారము. సముద్రతీరమునందలి రామతీర్థమునకు పోయి రామలింగేశ్వరుని దర్శింపవలెనని అవ్వ కోరెను. పెద్దాయన బ్రదికి యున్న దినములలో ఆమె రామతీర్థమునకు పోవునపుడెల్ల ఇరుగుపొరుగు ముసలమ్మలు ముగ్గురు నలుగురు కారెక్కెడివారు. ఈసారి అవ్వ యొక్కతే వచ్చి, మనుమని ప్రక్కన ముందర కూర్చుండెను. దారిపొడవునను వెనుక ఆసనము ఖాళీగా నుండెను.

తిరిగి వచ్చునపుడు యువకుడు, “అవ్వా, నేడు మనతో ఎవరును రాలేదేమి?” అని యడిగెను.

“వచ్చిరి నాయనా. వీధి చివరవరకు వచ్చి, త్రాళ్లు చూచి మరలిపోయిరి. బల్లను దాటి వెనుకకు ఎక్కుట వారికి సాధ్యమా? విప్పుమని నిన్నడుగుటకు మొగమోటపడిరి” అని ఆమె చెప్పెను. ఆమె మాటలో నిష్ఠూరము లేదు. అందువలననే ఆ మాట అతని మనస్సును మఱింత తాకెను.

ఇల్లు చేరిన వెంటనే అతడు త్రాళ్లను విప్పి వెనుక తలుపు తెరచెను. నడిమి స్తంభమునకు వెనుకవైపున, మోకాలి ఎత్తుకంటె కొంచెము పైన, ఒక తోలుపట్టెడ బిగించి యుండెను. తుడుచునపుడు అతడు దానిని పలుమారులు చూచి, అందము చెడగొట్టు అతుకుగా భావించి యుండెను. నేడు పరికించి చూడగా, చేతులు పట్టిన చోట ఆ తోలు నున్నబడి నల్లగా మెరయుచుండెను.

“అది మీ తాత పెట్టించినది” అని అవ్వ చెప్పసాగెను. “1989 నవంబరులో కావలి దగ్గఱ తుపాను తీరము దాటినదే, అప్పటి మాట. చెట్లు కూలి దారులన్నియు మూసికొనిపోయినవి. తెల్లవారిన పిదప ప్రక్కపల్లెనుండి ప్రసవవేదన పడుచున్న ఒక పిల్లను చాపమీద మోసికొని వచ్చిరి. అప్పుడు 108 బండ్లు ఎక్కడివి? అవి వచ్చినది 2005లో గదా. ఒకరు ఆ తలుపునుండి లోపలికి ఎక్కి అందుకొనిరి. ఇద్దరు ఈ తలుపునుండి అందించిరి. రెండు తలుపులును తెరచినందువలననే ఆ పిల్లను వెనుక ఆసనముపై పరుండబెట్టగలిగిరి. చెట్లను నరికికొనుచు, పెన్న దాటి నెల్లూరు చేరునప్పటికి మధ్యాహ్నమయ్యెను. తల్లీబిడ్డలు క్షేమముగా తిరిగి వచ్చిరి. లేచి కూర్చుండుటకు ఆనాడు ఆ పిల్లకు పట్టుకొన నేమియు దొరకలేదని, మరుసటి వారమే మీ తాత ఈ పట్టెడ బిగించెను.”

యువకుడు మాటాడలేదు. మేస్త్రి అడిగిన ప్రశ్నకు జాకీతో సగమే సమాధానము దొరకినదని అతడు తెలిసికొనెను. ఆ స్తంభము పైకప్పును మాత్రమే మోయుచుండలేదు.

మరునాడే మేస్త్రికి కబురు పోయెను. కాని పని మారెను. త్రుప్పు పట్టిన గడపలను కోసివేసి, క్రొత్త ఉక్కురేకులతో పెట్టెకట్టు కట్టిరి. నీరు నిలువకుండ అడుగున రంధ్రములు విడిచిరి. ఉప్పుగాలి సోకకుండ లోపల తారుపూత పూసిరి. ఆ పని పూర్తియగుటకు నెలదినములు పట్టెను. చేసిన మార్పేదియు పైకి కనబడదు. దానిని చూచి మెచ్చుకొనువారును లేరు. అయినను జాకీతో మూల లేపినపుడు వెనుక తలుపు ఒరయక, ‘టక్కు’మని చక్కగా మూసికొనెను. ఆ చప్పుడు విని మేస్త్రియు, యువకుడును ఒకరి మొగము నొకరు చూచుకొని నవ్విరి.

క్రొత్తది చేయవలెనను కోరిక యౌవనమునకు అలంకారము. అది లేనినాడు సుధాకర్ వంటివారి వింతబండ్లును లేవు, మద్రాసు హెరాల్డును లేదు. అయితే ఉన్నదానిని కోయుటకు ముందు, అది ఎవరికి ఆసరాగా నున్నదో విచారించుట వివేకము. ఆ విచారణకు ఒక సుద్దగీత, పదిదినముల ఓపిక చాలును.

కారునకు రంగు వేయునపుడు స్తంభముపై మేస్త్రి గీచిన సుద్దగీత చెరిగిపోయెను. యువకుడు నెల్లూరునుండి క్రొత్త తోలుపట్టెడ తెచ్చి, పాతది యున్న ఎత్తుననే బిగించెను. తరువాతి సోమవారము రామతీర్థమునకు పోవునపుడు అవ్వ వెనుక ఆసనముపై కూర్చుండెను. ఆమెకు అటు ఇద్దరు, ఇటు ఒకరు కూర్చుండిరి.