అల్మెయిడా కోటలో ఒక పూట

పూర్తిగా దగ్గరికి వెళ్లేదాకా అల్మెయిడా కోట కంటపడదు. పోర్చుగల్ తూర్పు అంచున, స్పెయిన్ సరిహద్దుకు దగ్గర్లో, గాలి తప్ప అడ్డూ ఆపూ లేని మెరక మీద ఉంటుందీ ఊరు. ఆకాశాన్నంటే బురుజుల కోసం వెతికితే గడ్డి మొలిచిన మట్టికట్టే ఎదురవుతుంది. అది ఎక్కి నాలుగడుగులు వేశానో లేదో, కాళ్ల ముందు లోతైన కందకం. గోడంతా అందులోకే దిగి ఉంది.

ఫిరంగుల కాలం నేర్పిన తెలివి ఇది. ఎత్తయిన గోడ గుండుకు సులువుగా చిక్కుతుంది. అందుకే గోడను కందకంలో దాచి, దాని వెనక మట్టి దట్టించారు. ఆరు బురుజులు, వాటి నడుమ కందకంలో విడిగా లేపిన ఆరు ముక్కోణపు కట్టడాలు కలిసి పైనుంచి చూస్తే పన్నెండు మొనల నక్షత్రం. ఏ గోడ కిందికి చేరినా పక్క బురుజు మీది తుపాకులకు దొరికిపోవాల్సిందే. చుట్టు కొలత సుమారు రెండున్నర కిలోమీటర్లు. తీరిగ్గా నడిస్తే గంట కూడా పట్టదు.

1297లో కుదిరిన సరిహద్దు ఒప్పందంతో అల్మెయిడా పోర్చుగల్‌కు దక్కింది. 1640లో పోర్చుగల్ స్పెయిన్ రాజును కాదనుకుంది. ఆ మరుసటి ఏడాదే ఇక్కడ ఈ కొత్త గోడల పని మొదలుపెట్టారు. 1762లో స్పెయిన్ దండు ఊరిని పట్టుకుంది కానీ, తర్వాతి ఏడాది సంధిలో తిరిగి ఇచ్చేసింది.

బురుజు కింద కట్టిన నేలమాళిగలు ఇప్పుడు మ్యూజియం. గుండ్లు పడుతున్నప్పుడు ఊరి జనం తలదాచుకున్నది ఈ కమాను గదుల్లోనే. తర్వాత ఇవే రాజకీయ ఖైదీలకు జైలయ్యాయి. వేసవిలో కూడా లోపల చలి. అద్దాల పెట్టెల్లోని తుపాకులకన్నా ఆ గోడల చెమ్మే ఎక్కువ విషయం చెప్పింది.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది మాత్రం ఊరి మధ్య ఉన్న శిథిలం. పాత మధ్యయుగపు కోట ఇది. మిగిలింది పునాదులు, మూలల్లో గుండ్రటి బురుజుల అడుగులు, అంతే. 1810 ఆగస్టులో దీన్ని మందుగుండు కొట్టుగా వాడుతున్నారు. బయట మసేనా నడిపిస్తున్న ఫ్రెంచి సైన్యం, లోపల విలియం కాక్స్ అనే బ్రిటిష్ అధికారి కింద ఎక్కువగా పోర్చుగీసు సైనికులు. 26న తెల్లవారుజామున ఫిరంగులు మొదలయ్యాయి. ఆ సాయంత్రం కొట్టులోంచి మోసుకెళ్తున్న ఒక పీపా కారి, దారి పొడవునా మందు గీతలా పడిందట. పక్కనే పేలిన గుండు నిప్పు ఆ గీత వెంబడే కొట్టులోకి పాకిందని చెబుతారు. సుమారు 70 టన్నుల మందు ఒక్కసారిగా లేచింది. ఐదారు వందల మంది పోయారు, ఊరి నడిబొడ్డు నేలమట్టమయింది. చుట్టూ గోడలకు పెద్దగా దెబ్బ తగల్లేదు! కానీ కాల్చడానికి మందు లేకపోతే గోడలుండి ఏం లాభం? మర్నాడు రాత్రికి కాక్స్ లొంగిపోయాడు. వానలు పడేదాకా ఈ కోట ఫ్రెంచివాళ్లను ఆపుతుందని, పోర్చుగల్ పక్షాన పోరాడుతున్న బ్రిటిష్ సేనాని వెల్లింగ్టన్ పెట్టుకున్న ఆశ రెండు రోజుల్లో ఆవిరైపోయింది.

అది ప్రమాదం. ఆ మరుసటి ఏడాది జరిగింది ప్రమాదం కాదు. 1811 మేలో ఇక్కడ చిక్కుబడ్డది ఫ్రెంచివాళ్లు, చుట్టుముట్టింది వెల్లింగ్టన్ సైన్యం. తిండి అడుగంటింది. ఫ్రెంచి సేనాని బ్రెన్నియే 10వ తేదీ రాత్రి బురుజుల కింద మందుపాతరలు పేల్చి, దాదాపు 1,400 మందితో చీకట్లో ముట్టడిదారుల మధ్యలోంచే దూసుకుపోయాడు. దారిలో కొన్ని వందల మందిని పోగొట్టుకున్నా, ఎక్కువ మంది ఒక నది మీది వంతెన దాటి తమవాళ్లలో కలిశారు. నా లెక్కలో ఈ కోట చూసిన అసలైన యుద్ధ నైపుణ్యం ఇదే, కోట గెలుపుతో దానికి సంబంధం లేకపోయినా.

వెల్లింగ్టన్ మండిపడ్డాడు. ఆ వంతెనను కాయాలన్న ఆజ్ఞ చార్లెస్ బెవన్ అనే కల్నల్ పటాలానికి చేరేసరికే గంటలు గడిచిపోయాయి. అయినా నింద ఆ పటాలం మీదే పడింది. బెవన్ విచారణ అడిగాడు, ఒప్పుకోలేదు. జులైలో పోర్తాలెగ్రె ఊళ్లో తనను తాను కాల్చుకున్నాడు. ఆజ్ఞను ఆలస్యం చేసిన పై అధికారికి ఏ శిక్షా లేదు.