ఆకు నలిపి చూసే చేతులు

కొండపల్లి అంటే బొమ్మలు. ఆ బొమ్మలకు కర్రనిచ్చే తెల్ల పొణికి ఈ కొండల్లోనే పెరుగుతుంది. అది దొరకడం గగనమైపోయిందని బొమ్మల కాలనీలో చాలా కాలంగా వినిపిస్తున్న మాట. ఎండాకాలం అగ్గి పాకితే ముందు పోయేది జానెడు మొలకే కదా, ఆ అగ్గిని ఆపేవాళ్ల గురించి రాయమని ఎడిటర్ పంపారు. ఫిబ్రవరి చివర్లో ఒక పొద్దున్నే కొండెక్కాను. చూడాల్సినవాటి జాబితా పొడుగ్గానే ఉంది. ఫైర్ వాచర్ దగ్గర ఆగాక మిగతావేవీ చూడాలనిపించలేదు.

ఆయనకు యాభై దాటాయి. కొండ కింది ఊరే. ఆకులు ఊడ్చి, నేల కనబడేలా ఫైర్ లైన్ తీస్తున్నారు. ఊడ్చిన కుప్పకు నిప్పు పెట్టే ముందు వంగి, పైపొర పక్కకు తోసి, అడుగునున్న ఆకు తీసి గుప్పిట్లో నలిపారు. ఆకు వంగింది కానీ పొడి కాలేదు.

"పైఆకు ఎప్పుడూ ఎండే ఉంటదండి. అడుగాకు చెప్పాలి. ఇది పొడైపోయిన రోజు అగ్గిపుల్ల జేబులోంచి తియ్యకూడదు."

అమెరికాలో మోంటానా రాష్ట్రం మిజూలా ప్రయోగశాలలో రిచర్డ్ రోథర్మెల్ 1972లో కార్చిచ్చు వేగాన్ని లెక్కగట్టే సమీకరణం ప్రకటించాడు. కాలే సరుకు ఎంత, దానిలో తేమ ఎంత, గాలి ఎంత, వాలు ఎంత అన్నవే అందులో ముఖ్యం. తేమ ఒక హద్దు దాటితే మంట ముందుకు సాగదు. కొండపల్లి వాచర్ గుప్పిట్లో చూసుకున్నది సరిగ్గా ఆ తేమనే.

కుప్ప అంటించాక గాలికి మంటలో ఒక పాయ లైన్ దాటి గడ్డిలోకి పాకింది. ఆయన కంగారు పడలేదు, పచ్చి కొమ్మ ఒకటి విరిచారు. మంటను కొట్టడమంటే కర్రతో బాదడం అనుకుంటాం. ఆయన కొమ్మను మోకాలి ఎత్తు దాటించలేదు. మంట మీద అదిమి, ఒక్క క్షణం ఆపి, కాలిన వైపుకే లాగారు. పైకెత్తి కొడితే నిప్పురవ్వలు వెనకాల గడ్డిలో పడతాయి. పదిహేను అడుగుల మేర పాకిన మంట రెండు నిమిషాల్లో ఆరిపోయింది. ఆ పనితనం చూస్తే మగ్గం మీద చెయ్యి గుర్తొచ్చింది.

పని చేసినంతసేపూ ఆయన మంటకు పైవైపు నిలబడలేదు. వాలు మీద మంట పైకి ఒరుగుతుంది, పైనున్న గడ్డిని ముందే ఎండబెట్టేస్తుంది, మనిషి ఎక్కే వేగం దానికి చాలదు. 2018 మార్చి 11న తమిళనాడులోని తేని జిల్లా కురంగణి కొండల్లో ట్రెక్కింగ్‌కు వెళ్లినవాళ్లు గడ్డి వాలు మీద మంటల్లో చిక్కుకుపోయారు. ఇరవై మందికి పైగా ప్రాణాలు పోయాయి. వాళ్ల వెంట ఇలాంటి మనిషి ఒక్కరుంటే అన్న ఆలోచన ఇప్పటికీ వదలడం లేదు.

పైనుంచి కాపలా లేదని కాదు. ఉపగ్రహ సమాచారం షాద్‌నగర్ కేంద్రానికి అందుతుంది, డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా 2004 నుంచి మంటల హెచ్చరికలు పంపుతోంది. ఇప్పుడవి సెల్‌ఫోన్లకే వస్తాయి. మంచి పని. అయితే ఉపగ్రహం చూపులో ఒక్కో గడి 375 మీటర్లు. ఆ ఉపగ్రహం మన మీదుగా వెళ్లేది దాదాపు మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు, మళ్లీ అర్ధరాత్రి దాటాక అదే వేళకు. సాయంత్రం నాలుగింటికి మేకల కాపరి పారేసిన బీడీ ముక్కను ఎవరు చూడాలి? 2014 మార్చిలో శేషాచలం కొండలు అంటుకున్నప్పుడు వాయుసేన హెలికాప్టర్లు తెప్పించాల్సి వచ్చింది. మంట అంతదాకా పెరగకముందే ఆపేది నేల మీద ఉన్న మనిషే.

ఆకులు ఊడుస్తున్న కుర్రాడితో ఆయన మెల్లగా అంటున్న మాట చెవిన పడింది. "ఏడాది పొడుగునా పని దొరుకుద్దని ఒకచోటికెళ్లా. అనుభవం కాగితం తెమ్మన్నారు. ఏమని రాయిస్తాంరా? ఆకులు ఊడ్చానని రాయిస్తామా?"

నాకు కోపం వచ్చింది. 2018 నవంబరులో కాలిఫోర్నియాలో కరెంటు లైను నుంచి రేగిన మంట పారడైజ్ పట్టణాన్ని బూడిద చేసింది, 85 మంది చనిపోయారు. అక్కడి కరెంటు కంపెనీలు అగ్ని శాస్త్రజ్ఞులను జీతమిచ్చి పెట్టుకుంటున్నాయి. ఏ కొండ ఎప్పుడు అంటుకుంటుందో చెప్పడం అక్కడ ఒక వృత్తి. ఇక్కడ అదే చెప్పగలిగిన మనిషికి ఎండాకాలం కూలీ.

మన పిల్లలకూ ఆ చదువు కావాలి. సిద్దిపేట జిల్లా ములుగులో అటవీ కళాశాల ఉంది, రాజమహేంద్రవరంలో అటవీ అకాడమీ ఉంది. అక్కడ చదివేవాళ్లు ఒక ఎండాకాలమంతా ఈయన వెనక నడవాలి. ఏ రోజు ఆకు వంగింది, ఏ రోజు పొడైంది, ఆ రోజు తేమ ఎంత, గాలి ఎటు అని రాసుకోవాలి. ఆ పుస్తకం మీద ఈయన పేరుండాలి, నేర్పినందుకు గురువుకిచ్చే జీతం ఇవ్వాలి. మిజూలా లెక్క మిజూలా గడ్డికి సరిపోతుంది. తునికాకు, పొణికాకు ఎలా కాలతాయో మనమే కొలుచుకోవాలి.

తొమ్మిదిన్నరకు నది వైపు నుంచి గాలి తిరిగింది. థర్మల్ స్టేషన్ గొట్టాల పొగ ఒక్కసారిగా కొండ వైపు వాలింది. ఆయన అటు చూసి, అగ్గిపెట్టె జేబులో వేసుకున్నారు. "ఇవాళ్టికింతే." కుర్రాడు మట్టి చల్లుతుంటే ఆయన బూడిద పక్కన గొంతుకూర్చుని, అడుగడుగునా చేతి వెనకవైపు ఆనించి చూస్తూ వెళ్లారు. ఒకచోట చెయ్యి ఆగింది.

"మీరు దిగండి బాబూ, ఎండెక్కుతోంది. ఇక్కడింకా కాక ఉంది, నేను కాసేపుంటా."