ప్లేట్‌లెట్లకు చలి పడదు

ఎర్రకణాల సంచి ఫ్రిజ్‌లో ఆరు వారాలు నిల్వ ఉంటుంది. ప్లేట్‌లెట్ల సంచిని మాత్రం ఆ ఛాయలకే పోనివ్వరు. మిన్నియాపొలిస్‌లో నేను ప్లేట్‌లెట్లు ఇచ్చే చోట అద్దాల పెట్టె ఒకటి ఉంది. బయట మైనస్ ఇరవై ఉన్నా లోపల 20–24 డిగ్రీలే. లేత పసుపు సంచులు అరల్లో పడుకుని రాత్రీ పగలూ అటూ ఇటూ ఊగుతుంటాయి. అలా ఐదు రోజులు, అదనపు పరీక్షలు చేస్తే ఏడు. ఆలోగా ఎవరికీ ఎక్కించకపోతే పారేయాల్సిందే.

1969కి ముందు వీటినీ 4 డిగ్రీల దగ్గర దాచేవాళ్ళు. స్కాట్ మర్ఫీ, ఫ్రాంక్ గార్డనర్ అనే డాక్టర్లు పరీక్షించి చూస్తే, చల్లగా ఉంచినవి ఒంట్లో నిలవడం లేదని తేలింది. చలి తగిలిన ప్లేట్‌లెట్ బిళ్ళ ఆకారం వదిలి గుండ్రంగా ఉబ్బి, చుట్టూ ముళ్ళు మొలిపించుకుంటుంది. గాయం ఎదురైనప్పుడు అది ఎత్తే రూపమే ఇది. పైపొర మీది ప్రోటీన్లు గుంపు కడతాయి. అలాంటి ప్లేట్‌లెట్లను కాలేయంలోని కణాలు ఇట్టే పసిగట్టి మింగేస్తాయి. ల్యుకేమియాకి కీమో తీసుకుంటున్న పసివాడి ఒంట్లో అవి కొన్ని రోజులైనా తిరగాలి కదా!

నెత్తురు ధారగా పోతున్నవాడి సంగతి వేరు. అతనికి ఇప్పటికిప్పుడు గడ్డకట్టాలి. అక్కడ ముళ్ళు లేచినవే చురుగ్గా పనిచేస్తాయి. 2023లో అమెరికా ఎఫ్‌డీఏ ఇలాంటి రోగుల కోసం చల్లటి ప్లేట్‌లెట్లను 14 రోజుల దాకా ఉంచుకోవచ్చంది. రోజూ సరఫరా అందని చిన్న ఊళ్ళ ఆసుపత్రులకు ఇది పెద్ద ఆసరా.

సంచికి చలి తగలడం ఒకటి, మనిషికి తగలడం ఇంకొకటి. మంచులో కారు బోల్తాపడి, ఒంటి వేడి 34 డిగ్రీల కిందికి దిగినవాడికి రక్తం ఓ పట్టాన ఆగదు. ప్లేట్‌లెట్లు గాయానికి సరిగ్గా అంటుకోవు, గడ్డకట్టించే ఎంజైములు మందగిస్తాయి. నన్ను బాగా కలవరపెట్టింది మరో విషయం. ల్యాబ్‌లో నమూనాను 37 డిగ్రీలకు వేడిచేసి చూస్తారు. రిపోర్టు మామూలుగానే వస్తుంది, మంచం మీద మనిషికి మాత్రం నెత్తురు కారుతూనే ఉంటుంది. ఇక్కడి ఎమర్జెన్సీ వాళ్ళు కట్టుతో పాటు వెచ్చటి దుప్పటీ కప్పేది అందుకే.

ఈ చిక్కు లేని ప్రాణి మా ఇంటి వెనక పచ్చికలోనే తిరుగుతుంది: పదమూడు చారల నేల ఉడుత. చలికాలమంతా బొరియలో నిద్ర, ఒళ్ళు నాలుగైదు డిగ్రీలకు పడిపోతుంది. అప్పుడు దాని ప్లేట్‌లెట్లలో పదింట తొమ్మిది వంతులు నెత్తుర్లోంచి తప్పుకుంటాయి. చాలావరకు కాలేయంలో తలదాచుకుంటాయి. మేలుకున్న కొద్ది గంటల్లో తిరిగొచ్చేస్తాయి. ఎక్కడా గడ్డ కట్టదు, కాలేయమూ మింగదు. ఎంత అద్భుతం! పక్కనే విస్కాన్సిన్‌లో, లా క్రాస్ యూనివర్సిటీ వాళ్ళు ఏళ్ళుగా దీన్ని పరిశోధిస్తున్నారు. ఆ కిటుకు మనకు చిక్కి, ప్లేట్‌లెట్లను చల్లగా ఎక్కువ రోజులు దాచగలిగితే, హైదరాబాద్‌లో డెంగీ రోజుల్లో ‘ఎస్‌డీపీ (ఒకే దాత ప్లేట్‌లెట్లు) డోనర్ అర్జెంటుగా కావాలి’ అంటూ అర్ధరాత్రి తిరిగే వాట్సాప్ మెసేజ్‌లు చాలా తగ్గుతాయి.

అంతదాకా ఈ వారం వచ్చి కుర్చీలో కూర్చునే మనిషే దిక్కు. రెండు గంటల పని. ప్లేట్‌లెట్లు తీసుకుని మెషీన్ తిరిగి పంపే రక్తానికి చెయ్యి జిల్లుమంటుంది, గడ్డకట్టకుండా అందులో కలిపే సిట్రేట్‌కి పెదాలు తిమ్మిరెక్కుతాయి. నర్సు దుప్పటి కప్పి కాల్షియం బిళ్ళ చేతిలో పెడుతుంది. ఇక్కడి మన తెలుగువాళ్ళకూ ప్లేట్‌లెట్లు ఇవ్వాలనే ఉంటుంది. కానీ ఇండియా వెళ్ళొస్తే మలేరియా భయంతో కొన్ని నెలలు తీసుకోరు. సంక్రాంతికి ఊరెళ్ళొచ్చినవాళ్ళంతా ఒక్కసారిగా దాతల జాబితాలోంచి తప్పుకోవాల్సి వస్తుంది, అదీ మంచు తుఫానులకు మిగతా దాతలు గడప దాటలేని నెలల్లో. విమానం ఎక్కబోయే ముందే ఇచ్చి వెళ్ళమని మా తెలుగు సంఘంలో అందరినీ అడుగుతున్నాను. డిసెంబరుకి కొందరు పేర్లు రాయించుకున్నారు.