అప్పు ఎవరిదనే పంచాయితీలో మన వరుస ఎక్కడ?

ఈ పోస్టు ఏ పార్టీకీ సపోర్టు కాదు, వ్యతిరేకం కాదు. కొంచెం పెద్దగుంది, పూర్తిగా చదవండి.

తెలంగాణను అప్పులపాలు చేసింది ఎవరు? మా హాస్టల్ల రాత్రి అన్నం తిన్నంక ఇదే లొల్లి. ఊరికి పోతే ఓటేసిన పెద్దలది కూడా ఇదే పంచాయితీ. ఒకరు పాత సర్కారును తిడతారు, ఇంకొకరు కొత్త సర్కారును. ఒకరి అంకె 6.71 లక్షల కోట్లు, ఇంకొకరిది 3.17 లక్షల కోట్లు. ఇవి ఎక్కడివో మేం కూర్చొని లెక్క చూసినం.

2023 డిసెంబర్ 20న ఆర్థిక మంత్రి భట్టి విక్రమార్క అసెంబ్లీలో శ్వేతపత్రం పెట్టారు. అందులో మొత్తం అప్పు 6,71,757 కోట్లు. నాలుగు రోజులకు కేటీఆర్ 'స్వేద పత్రం' విడుదల చేసి, తమ పాలనలో పెరిగింది 3.17 లక్షల కోట్లే అన్నారు. వింటే ఎవరో ఒకరు అబద్ధం చెప్తున్నట్టే ఉంటది. కానీ శ్వేతపత్రంలోని పట్టిక చూస్తే రెండు అంకెలూ అందులోంచే వస్తాయి.

బడ్జెట్‌లో చూపే అప్పు 3,89,673 కోట్లు. అందులోంచి 2014-15 నాటి 72,658 కోట్లు తీసేస్తే 3.17 లక్షల కోట్లు. మిగిలినవన్నీ కాళేశ్వరం, మిషన్ భగీరథ లాంటి పనులకు కార్పొరేషన్లు, సంస్థల పేరు మీద తెచ్చినవి. వాటిలో ప్రభుత్వమే కట్టాల్సినవి 1,27,208 కోట్లు. గ్యారంటీ ప్రభుత్వానిది, కట్టేది ఆ సంస్థలు అన్నవి 95,462 కోట్లు. గ్యారంటీ కూడా లేనివి 59,414 కోట్లు. అన్నీ కలిపితే 6.71. ప్రభుత్వమే కట్టే 1.27 లక్షల కోట్లను లెక్కలోంచి వదిలేసుడు న్యాయం కాదు. గ్యారంటీ లేని దాన్ని కూడా అదే గంపలో వేసి చూపుడు కూడా న్యాయం కాదు.

అప్పు ఎవరు తెచ్చినా కిస్తీ ఆగదు. వడ్డీ, జీతాలు, పెన్షన్లు ముందు పోతాయి. ఆపితే పెద్దగా అడిగేవాళ్లు లేనిది వెనక్కి పోతది. మన ఫీజు రీయింబర్స్‌మెంట్ అట్లనే పోయింది. పాత ప్రభుత్వం దిగిపోయేనాటికి బకాయిలున్నాయి, కొత్త ప్రభుత్వంలోనూ ఉన్నాయి. 2025 నవంబర్‌లో ప్రైవేటు కాలేజీలు వీటి కోసమే బంద్ పెట్టాయి. బకాయి కూడా అప్పే. కాకపోతే బ్యాంకు దగ్గర తెచ్చింది కాదు, మన దగ్గర తెచ్చింది. దానికి వడ్డీ లేదు, గడువు లేదు.

మాతో ఉన్న ఒక అక్కకు డిగ్రీ అయిపోయింది. ఫీజు రాలేదని కాలేజీ వాళ్లు టీసీ, మెమోలు ఇయ్యలే. పీజీ సీటు పోతదని వాళ్ల నాయన మూడు రూపాయల వడ్డీకి తెచ్చి కట్టిండు. ఆ వడ్డీ కోసం అమ్మ, అక్క పత్తి ఏరడానికి పోయిన్రు. హైదరాబాద్‌లో కట్టని వడ్డీ తండాల కడుతున్నరు.

పైసలు లేవంటే ఒక్క మాట గుర్తు చేసుకోండి. ఏండ్ల తరబడి అడిగినంక 2024 చివర్లో ఇంటర్ నుంచి పీజీ దాకా హాస్టల్ మెస్ ఛార్జీలు నెలకు 1500 నుంచి 2100 చేశారు. అదీ ఈ అప్పుల మధ్యనే. అంటే గట్టిగా అడిగితే వరుస మారుతది.

అడగడానికి మన చేతిలో చట్టం కూడా ఉంది. 2013లో కాంగ్రెస్ ఉన్నప్పుడు సబ్ ప్లాన్ చట్టం వచ్చింది. 2017లో టీఆర్ఎస్ ప్రభుత్వం దాని స్థానంలో ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం తెచ్చింది. ఖర్చు కాని నిధిని మరుసటి ఏడాదికి కలపాలని అందులో ఉంది. రెండు పార్టీలకూ ఇందులో పేరుంది కాబట్టి మాకు తెల్వదు అనే వీలు ఎవరికీ లేదు.

అందుకే ఓటు అడగడానికి ఎవరొచ్చినా, అప్పు ఎవరు చేసిన్రని మనలో మనం కొట్లాడుకోకుండా వాళ్లను మూడు ప్రశ్నలు అడుగుదాం. మా ఫీజు ఏ సంవత్సరం నుంచి ఆగింది? ఎస్టీ నిధిలో ఎంత పెట్టిన్రు, ఎంత ఖర్చయింది, మిగిలింది కలిపిన్రా? ఫీజు రాకున్నా మా సర్టిఫికెట్లు మాకు ఇప్పిస్తారా?

మీ హాస్టల్ల ఎందరి సర్టిఫికెట్లు ఆగినయో రాసి పెట్టుకోండి. వాళ్ల దగ్గర రెండు పత్రాలున్నయి. మన దగ్గర కనీసం ఒక లిస్టు ఉండాలె.