కొండమీది మేడ

మాది ఫలక్‌నుమా కొండ కింద ఇరుకు సందు. 2014 నవంబరులో సల్మాన్‌ఖాన్ చెల్లెలి పెళ్ళి ఆ ప్యాలెస్‌లోనే! కాలేజీ ఎగ్గొట్టి, గేటు దగ్గర పడిగాపులు పడ్డాను. కనబడిందల్లా కార్ల అద్దాలే!

పైగా వికారుల్ ఉమ్రా 1884లో మొదలెట్టి కట్టించిన మేడ. తర్వాత నిజాం చేతికెళ్ళింది. 2010 నుంచి తాజ్ వారి హోటలు. మనలాంటివాళ్ళకి అందుతుందా చెప్పండి?

మొన్న బోనసు డబ్బుతో అమ్మని అక్కడికే టీకి తీసికెళ్ళాను. "ఇక్కడ 101 మంది ఒకేసారి కూచునే భోజనాల బల్ల ఉందమ్మా" అన్నాను. వింటేనా! అంచున నించుని కిందికే చూస్తోంది.

"ఒరే, మన డాబా ఏదిరా?"

ముప్ఫై ఏళ్ళుగా బట్టలారేస్తూ ఈ మేడనే చూసిన మనిషి! ఎంత వెతికినా మా డాబా దొరకలేదు. నా గొంతులో ఏదో అడ్డంపడింది.

అమ్మ నవ్వేసింది. "పోన్లేరా, అక్కణ్ణించి ఇది బాగా కనబడుతుందిగా!"