డ్రమ్ములోని నీరు

మాది నాగర్‌కర్నూల్ జిల్లా తెలకపల్లి. 2016కు పూర్వం ఇది వలసలకు పేరుపడిన మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది. ‘పాలమూరు లేబర్’ అని లోకం పిలిచినవారిలో నా తల్లిదండ్రులూ ఉన్నారు. గుంపు మేస్త్రీ వెంట కాలువ పనులకు వెళ్ళినచోట గుడారమే మా ఇల్లు. ట్యాంకరు వచ్చినపుడు నింపుకొన్న 200 లీటర్ల డ్రమ్మే మా చెరువు. బియ్యం కడిగిన నీటితోనే గిన్నెలు తోమేవారం.

ఒకనాడు తాగునీటి బిందెతో నేను స్నానం చేశాను. ట్యాంకరు మరునాడు గాని రాదు. ఆ పూట అమ్మ దప్పికతోనే మట్టి మోసింది.

“పారబోసింది నీళ్ళు గాదు బిడ్డా, మీ అమ్మ పానం” అన్నాడు నాన్న.

ఎల్లూరు వద్ద ఎత్తిపోసిన కృష్ణాజలాలు నేడు మా జిల్లా పొలాలకు చేరుతున్నాయి. అయినా కుళాయి విప్పినప్పుడల్లా నాకు ఆ ఖాళీ బిందె గుర్తుకు వస్తుంది.